మేక నడపాలి

బెంటన్‌విల్,
ఫిబ్రవరి 15, 2009

ఒరేయ్ ప్రసాదూ,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్‌లో నీ మాట నాకు సగమే వినిపిస్తుంది. ఆ సగానికే మనిద్దరం పోట్లాడుకుంటాం. కాగితం మీదైతే ఒకరు చెప్పడం పూర్తయ్యాకే ఇంకొకరు మొదలుపెడతారు.

నేను బాగానే ఉన్నాను. విద్య ఇల్లు పెద్దది, నా గది ఎండొచ్చే వైపుంది. ఇబ్బంది ఒక్కటే. ఈ ఊళ్లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. కరివేపాకు కావాలన్నా విద్యకు తీరికయ్యే శనివారం కోసం చూడాలి. మీ బావ ఉన్నన్నాళ్లూ ఆయనే తిప్పారు. నాకు స్టీరింగు పట్టే అలవాటు తప్పి చాలా ఏళ్లయింది. లైసెన్సు మాత్రం రెన్యూవల్ చేయిస్తూనే ఉన్నాను.

ఇక్కడికి తూర్పున కొండల్లో ఒక చిన్న ఊరుంది. అక్కడ చర్చి వాళ్ల ఉచిత క్లినిక్‌కి పిల్లల డాక్టరు లేరట. వారానికి రెండు రోజులు రమ్మని నన్నడిగారు. అక్టోబరులో మొదలు. విద్య ఆఫీసు విద్యకు, నన్ను దింపడం కుదరదు. "ఎందుకమ్మా, హాయిగా రెస్ట్ తీసుకో" అంటుంది. రెస్ట్ తీసుకుని తీసుకుని నడుం పట్టేసింది.

పైన్ బ్లఫ్ ఇల్లు అమ్మినప్పుడు షెడ్డులోంచి ట్రైలరెక్కి నీ గరాజు చేరిన మేక ఎలా ఉంది? ఆ కారుని పాంటియాక్ జి.టి.ఓ. అని పూర్తి పేరుతో మనింట్లో ఎవరూ పిలవలేదు. పెట్రోలు బంకువాడు 'గోట్' అన్నాడు, మనకి మేకైంది.

అక్టోబరుకల్లా మేక నడపాలి. ఎలా ఉండేదో అలాగే కావాలి నాకు. నీ చేతిలో పడింది కనక నాకు బెంగ లేదు.

పద్మజకు నా ఆశీస్సులు. ఆవకాయ ఇంకా ఉంటే కొంచెం పంపమను.

అక్క భానుమతి

*

కమ్మింగ్, జార్జియా,
మార్చి 8, 2009

అక్కా,

నీ ఉత్తరం పద్మజా నేనూ చెరోసారి చదివాం. రిటైరైనా నీ చేతిరాత ఇంకా ప్రిస్క్రిప్షన్‌లాగే ఉంది. ఒకట్రెండు మాటల దగ్గర మా ఇద్దరికీ వాదన కూడా వచ్చింది. నేను గెలిచాను.

అక్టోబరుకల్లా మేక నడవాలన్నావు. నడుస్తుంది. అక్టోబరే ఎందుకన్నావో కూడా అర్థమైంది. బావ మూడో ఆబ్దికం. ఆ నెలలోనే అట్లాంటా దగ్గర పాత కార్ల ప్రదర్శన ఒకటుంది. ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజున బండి ఎలా ఉండేదో, ఇప్పుడూ అలాగే ఉంటే మార్కులు. ఒక్క మర తేడా ఉన్నా కోత. ముందు పెట్టే పలక మీద 'డాక్టర్ యజ్ఞనారాయణ గారి స్మృతికి' అని రాయిస్తాను.

ఇక పరిస్థితి. ఇంజను బిగుసుకుపోయింది కానీ పగల్లేదు. డ్రైవరు కాళ్ల కింద నేల తుప్పుపట్టి చిల్లు పడింది. ఎలుకలు వెనక సీటులో కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, వెళ్లిపోయాయి. వైర్లు తినేశాయి. బంపరు, గేరు రాడ్డు, బానెట్ మీది మీటరు అన్నీ అసలువే.

ఒక్కటే కోపం తెప్పించింది. ఎవరో మూర్ఖుడు క్లచ్ పెడల్ మీద చెక్క దిమ్మ పెట్టి బోల్టులతో బిగించాడు. సీటు కింద కూడా పలకలు పేర్చి, సీటుని పూర్తిగా ముందుకు లాగి పెట్టాడు. బావ ఆరడుగుల మనిషి, మోకాళ్లు ఎక్కడ పెట్టుకునేవాడో! షెడ్డులో ఉండగా ఏ మెకానిక్కో చేసి ఉంటాడు. అన్నీ పీకి తుక్కు డబ్బాలో వేశాను.

గరాజు గోడకి ఆ పాత ఫొటో తగిలించాను. నల్లకళ్లజోడు, మేకకి ఆనుకుని బావ. రేపల్లెలో మీ అత్తగారింటి నుంచి తెచ్చుకున్నది. వెనక 'మా అబ్బాయి కారు' అని ఉంటుందే, అది. రోజూ దానికి ఒకసారి నమస్కారం పెట్టి పని మొదలుపెడుతున్నాను.

ఆవకాయ వేరే పార్సిల్లో వస్తోంది.

నీ తమ్ముడు ప్రసాద్

*

బెంటన్‌విల్,
ఏప్రిల్ 30, 2009

ప్రసాదూ,

ఆవకాయ అందింది. సీసా మూత ఊడి సగం నూనె అట్టపెట్టె తాగింది. మిగతా సగం నేను దాచుకుని తింటున్నాను.

టీవీలో చూశావా, పాంటియాక్ పేరే ఎత్తేస్తున్నారట. ఇక ఆ పేరుతో కొత్త కార్లు రావు. విద్య "పోనీలే అమ్మా, కామ్రీ కొందాం" అంది. కామ్రీలు మంచివే. కాని కొత్త కారులో కూర్చుంటే నా కాళ్లకి పని తెలియదు. ఎడమ కాలు వెతుక్కుంటుంది.

ఆ చెక్క పారేయకు. దాని పని దానికుంది. సీటు కింది పలకలు కూడా.

ఎలా ఉండేదో అలాగే కావాలన్న మాట నిజమే. కాని నలభై ఏళ్ల నాటి డ్రమ్ము బ్రేకులతో కొండలు దిగడం వివేకం కాదని ఇప్పుడు తోస్తోంది. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేయి. పవర్ స్టీరింగు పెట్టు. భుజం మీదుగా వచ్చే సీటు బెల్టులు కావాలి, ఆ నడుము పట్టీ చాలదు. పిల్లల వార్డులో కారు ప్రమాదాల కేసులు చూసినదాన్ని, ఈ మాట ఊరికే అనను.

ప్రదర్శన సంగతి నాకర్థం కాలేదు. మార్కులు దేనికి? ఎవరిస్తారు?

అక్క

*

కమ్మింగ్,
జూన్ 7, 2009

అక్కా,

నీ జాబితా చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డిస్కు బ్రేకులు వేస్తే మార్కులు పోతాయి. బెల్టులకి బండి స్తంభాల్లో రంధ్రాలు వేయాలి. బావ కారుకి నేను రంధ్రాలు వేయనా? ఎలా ఉండేదో అలాగే అన్నది నువ్వే. విద్య ఏదో చెప్పి నిన్ను భయపెట్టిందనుకుంటాను. ఇది రోజూ రోడ్డెక్కే బండి కాదు కదా. ప్రదర్శనకి ట్రైలరు మీద తీసుకెళ్తాం, ట్రైలరు మీద తెస్తాం. ఆబ్దికం రోజున మన వీధిలో ఒక చుట్టు తిప్పుతాను, నువ్వు పక్కన కూర్చుందువుగాని.

ఇక్కడ ఇంకో గొడవ. చెబితే నవ్వుతావు.

సిలిండర్ హెడ్లు రెండూ బాగుచేయడానికి ఇచ్చాను. అవి తయారయ్యాయని కబురొచ్చినప్పుడు ఇండియన్ స్టోర్లో ఉన్నాను. అక్కణ్నుంచే పద్మజకి ఫోన్ చేసి చెప్పాను: "మేక తలకాయలు రెండూ శుభ్రం చేశారట, గురువారం తెస్తా. పొట్ట విప్పితే అంతా మడ్డే. తోలంతా ఒలిచేశాను, చూద్దువుగాని." పప్పుల అర వెనక వసంతలక్ష్మి ఉందని నాకేం తెలుసు? మా వెనకింటి ఆవిడ.

ఆదివారం గుళ్లో పట్టుకుంది. "ప్రసాద్ గారూ, మీరా! పూజలూ పునస్కారాలూ చేసే ఇంట్లో! అదీ గరాజ్‌లోనా?" అంది. నేను బండి సంగతే అడుగుతోందనుకుని "గరాజ్‌లో కాకపోతే ఎక్కడ చేస్తామండీ, లివింగ్ రూమ్‌లోనా?" అన్నాను. ఆవిడ చెవులు మూసుకుంది. వాళ్లాయన జగన్మోహన్ నన్ను పక్కకి లాగి, "అన్నా, ఆమె మాట పట్టించుకోకు. నాకు రెండు పౌండ్ల తొడ ముక్క పక్కకి పెట్టు. ఫ్రెష్షే గద?" అన్నాడు.

బుధవారం మా కాలనీ సంఘం నుంచి నోటీసు. ఇళ్ల ఆవరణలో పశువుల్ని వధించరాదట. శుక్రవారం తనిఖీకి ఒకాయన వచ్చాడు. గరాజు తలుపు ఎత్తి చూపించాను. చుట్టూ తిరిగి, జరిమానా మాట మరిచిపోయి, ఫొటో తీసుకుని వెళ్లాడు. జగన్మోహన్ మాత్రం ఇప్పటికీ నేనేదో దాచానని అనుకుంటున్నాడు.

ప్రసాద్

*

బెంటన్‌విల్,
జూన్ 21, 2009

ప్రసాద్‌కి,

తలకాయల కథ చదివి నవ్వాను. దానికి ముందు రాసింది చదివి నవ్వలేదు.

'పక్కన కూర్చుందువుగాని.' ఆ మాట చదివాక ఉత్తరం మడిచి పెట్టేశాను. వారం పట్టింది మళ్లీ తీయడానికి. నువ్వూ విద్యా మాట్లాడుకుని, ముసలిదానికి బండి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నారనుకున్నాను. ఇవాళ విద్యను నిలదీశాను. నీతో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదని ఒట్టేసింది. అందుకని కోపం పక్కనపెట్టి, జరిగినవి జరిగినట్టు రాస్తున్నాను.

ఆ కారు మీ బావది కాదు. నాది. లిటిల్ రాక్‌లో రెసిడెన్సీ చేసేటప్పుడు, రాత్రి డ్యూటీలకి బస్సులు లేక, నా జీతంతో నేను కొన్నాను. అమ్మినవాడు ఇంతకన్నా చిన్న కారు లేదన్నాడు. అబద్ధమని తర్వాత తెలిసింది, అప్పటికి దాన్ని వదలబుద్ధి కాలేదు.

మీ బావకి క్లచ్ ఎప్పుడూ కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించారు. రెండోసారి కాలవలోంచి తీయించాం. ఆ తర్వాత ఆయన ఆటోమేటిక్ బ్యూక్ కొనుక్కున్నారు. మేకను కడిగేవారు, తుడిచేవారు, ఆనుకుని ఫొటోలు దిగేవారు. నడిపింది నేను. తొమ్మిదేళ్లు.

నువ్వు తిట్టి పీకేసిన చెక్క నా కాలి కోసమే. నా ఎత్తు నీకు తెలుసు. క్లచ్ పూర్తిగా నొక్కాలంటే నా కాలు అందదు. ఆ చెక్క చెక్కి బిగించింది మీ బావ. నడపలేని మనిషి, నేను నడపడానికి చేసిపెట్టారు.

నీ గోడ మీద ఫొటో ఉంది కదా, వెళ్లి చూడు. బానెట్ మీద ఒక నీడ ఉంటుంది, జడతో. తీసింది నేను. వెనక 'మా అబ్బాయి కారు' అని రాసింది మా అత్తగారు. ఆవిడ సంతోషం చూసి నేను దిద్దలేదు. నలభై ఏళ్లకి అదే నిజమైపోయింది. నువ్వు డెబ్బై తొమ్మిదిలో వచ్చేసరికి నాకు విద్య పుట్టింది, మేక షెడ్డెక్కింది. నీకు తెలిసే దారి లేదు, ఒప్పుకుంటాను.

నేను మొదటి ఉత్తరంలో రాసింది మళ్లీ తీసి చూడు. మేక నడవాలి అని రాయలేదు. నడపాలి అని రాశాను. క్లినిక్‌కి నేను నడుపుకుని వెళ్లాలి. వేరే దారి లేదు. సెప్టెంబరు చివరికల్లా వస్తున్నదీ లేనిదీ వాళ్లకి చెప్పాలి.

భానుమతి

*

కమ్మింగ్,
జూలై 1, 2009

అక్కా,

భూతద్దం పెట్టి చూశాను. 'ప'యే. నీ 'ప' పైన ఉండాల్సిన సందు కలంపోటులో మూసుకుపోయి 'వ' అయింది. ఐనా సాకు చెప్పను. పద్మజ మొదటి రోజే "వదినగారు నడపాలనే రాశారండీ" అంది. ఆవిడతో వాదించి గెలిచానని నీకు గొప్పగా రాశాను కూడా. ఇప్పుడు ఇంట్లో నేను ఏమన్నా "పాయా, వాయా?" అంటోంది.

చెక్క తుక్కు డబ్బాలోనే ఉంది. కడిగి చూస్తే ఒక అంచు ఏటవాలుగా అరిగి ఉంది. నీ చెప్పు అరగదీసింది. విమానాల ఫ్యాక్టరీలో నా ఉద్యోగమంతా కొలతలే. ఇంత అరుగుదల షెడ్డులో నిలబడ్డ బండికి రాదని చూడగానే తెలియాలి. తెలియలేదు. బావ కారని మనసులో ఉంది, కళ్లు దాన్నే చూశాయి.

నీడ కూడా చూశాను. జడ ఉంది.

ప్రదర్శనకి పేరు వెనక్కి తీసుకున్నాను. డిస్కు బ్రేకులు వచ్చాయి. బెల్టులకి రంధ్రాలు వేశాను, లోపల ఉక్కు పలక వేసి బిగించాను, కదలవు. పవర్ స్టీరింగు పెడుతున్నాను. క్లచ్ బాగా బరువుగా ఉంది. బిగువు తక్కువ స్ప్రింగు దొరుకుతుందేమో చూస్తున్నాను. పద్మజది నీ ఎత్తే కనక ఆవిణ్ణి కూర్చోబెట్టి చెక్క సరిచూశాను. మొదటిసారి నొక్కి "అమ్మో, వదినగారు దీన్ని రోజూ నొక్కేవారా?" అంది.

నేనూ ఒకటి అడగాలి. నీ ఎడమ మోకాలు ఎలా ఉంది? నిజం రాయి. తమ్ముడిగా కాదు, బండి కట్టేవాడిగా అడుగుతున్నాను.

ప్రసాద్

*

బెంటన్‌విల్,
ఆగస్టు 23, 2009

ప్రసాదూ,

మోకాలు: మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది, ఎక్కేటప్పుడు పట్టదు. నొక్కడానికి పనికొస్తుంది. రోజూ ఎదురు గోడకి కాలు తన్ని వ్యాయామం చేస్తున్నాను. గోడ మీద ముద్ర పడింది. విద్య చూసి ఏమిటని అడిగింది. అప్పుడు మొత్తం చెప్పాను.

బాగా పోట్లాడుకున్నాం. "అమ్మా, నీకు సిక్స్‌టీ ఫైవ్. ఆ కార్‌కి ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు. ఆ హిల్స్‌లో సిగ్నల్ ఉండదు. ఏమైనా ఐతే నాకెలా తెలుస్తాది?" అంది. నిజమే కదా. మీ బావని అడిగితే ఏమనేవారని అడిగింది. చెక్క చేసిచ్చేవారు అన్నాను. దానికీ ఆ కారు నాన్నదే ఇన్నాళ్లూ.

చివరికి ఒక షరతు పెట్టింది. కొండ దారిలో క్లినిక్ దాకా ఒకసారి నేను నడపాలి, అది పక్కన కూర్చుంటుంది. దిగాక అది వద్దంటే వద్దు. మేక మళ్లీ నీ గరాజుకే. నేను ఒప్పుకున్నాను. దాని ఆఫీసు పార్కింగ్ లాట్‌లో ఆదివారాలు ఎవరూ ఉండరు. ముందు అక్కడ అలవాటు చేసుకుంటాను.

సెప్టెంబరు ఇరవై లోపల తీసుకురాగలవా? పద్మజను కూడా తీసుకురా.

ఒక సంగతి. 'ప' రాసేటప్పుడు పైన సందు వదులుతున్నాను. గమనించావా?

అక్క

*

కమ్మింగ్,
అక్టోబరు 4, 2009

అక్కా,

నిన్న ఇల్లు చేరాం. వస్తుంటే వెనక ఖాళీ ట్రైలరు దారంతా గలగలమంటూనే ఉంది. పద్మజ "పోనీలెండి, ఖాళీగానే కదా తెస్తున్నాం" అంది.

ఆ రోజు క్లినిక్‌కి వెళ్తుంటే నువ్వు రోడ్డు చూస్తున్నావు. నేను వెనక సీటులో ఉన్నాను, నీకు కనిపించనివి నాకు కనిపించాయి. అందుకని రాస్తున్నాను.

బయల్దేరినప్పుడు విద్య కుడిచేయి తలుపు పిడి మీద ఉంది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుంది. మొదటి స్టాప్ బోర్డు దగ్గర ఇంజను ఆగిపోయినప్పుడు నా వైపు చూసింది, 'చూశావా' అన్నట్టు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కొండ మధ్యలో, ఎత్తు మీద ఆ రెండో స్టాప్ ఉంది చూడు, వెనక కలప లారీ ఆనుకున్నట్టే ఆగింది. బండి వెనక్కి కొంచెం దొర్లింది. విద్య "అమ్మా!" అంది. నువ్వేమన్నావో గుర్తుందా? "నువ్వు ఉండవే, వింటున్నాను" అన్నావు. చెవులు సరిగా వినపడని మనిషివి. క్లచ్ పట్టే చోటు నీ కాలికి తెలిసింది. మేక ముందుకే కదిలింది. లారీవాడు హారన్ కూడా కొట్టలేదు.

పైకెళ్లేసరికి విద్య చేయి పిడి మీద లేదు, ఒళ్లో ఉంది. ఫోన్ బ్యాగులో పెట్టేసింది. దిగుడులో బ్రేకులు చూసుకున్నావు కదా? బండి ఒక పక్కకి లాగలేదు. మార్కులు పోతే పోయాయి.

క్లినిక్ ముందు దిగాక అది ఏమంటుందోనని నేను చూస్తూ నిలుచున్నాను. అది బండి చుట్టూ తిరిగి, లోపలికి వంగి ఆ చెక్కని చేత్తో తడిమింది. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. "రిటర్న్‌లో నేను ట్రై చెయ్యొచ్చా?" అంది. నువ్వు "నీకు చెక్క అడ్డం, నీ కాళ్లు మీ నాన్నవి" అన్నావు. ఇద్దరూ నవ్వుతుంటే పక్కకెళ్లి టైర్లు చూస్తున్నట్టు నిలబడ్డాను.

నూనె వారం వారం చూసుకో. వానలో ఇంజను బెల్టు తడిస్తే కీచుమంటుంది, భయపడకు. ఆబ్దికం రోజు ఫోన్ చేస్తాను. వినిపించినంత విను.

ప్రసాద్

*

బెంటన్‌విల్,
నవంబరు 1, 2009

ప్రసాదూ, పద్మజా,

నాలుగు వారాలుగా వెళ్తున్నాను. ఒక రోజు పొగమంచు దట్టంగా ఉందని మానేశాను. నేనే మానేశాను, ఎవరూ ఆపలేదు. విద్య నేను చేరగానే క్లినిక్ ఫోన్ నుంచి ఒక మాట చెప్పమంటుంది, చెబుతున్నాను. అది న్యాయమే.

ఎక్కువగా చెవిపోట్లు, దగ్గులు, టీకాలు. ఒక పిల్లాడు ఇంజక్షను వద్దని మంచం కింద దూరాడు. కిటికీలోంచి మేకను చూపించి, ఏడవకపోతే హారన్ కొట్టనిస్తానన్నాను. ఇప్పుడు ఆ ఊళ్లో పిల్లలందరికీ ఈ బేరం తెలిసిపోయింది. బ్యాటరీ పని చూడాల్సి వస్తుందేమో.

మొన్న పెట్రోలు పోయిస్తుంటే పక్క ట్రక్కులో పెద్దాయన దిగి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మీ ఆయనతో చెప్పండి మేడమ్, గోట్ బ్రహ్మాండంగా ఉందని" అన్నాడు. చెబుతానన్నాను. ఇంటికొచ్చి చెప్పాను కూడా, ఫొటో ముందు నిలబడి: "ఏమండీ, మేక బాగుందట."

ఈ ఉత్తరంతో ఒక ఫొటో పెడుతున్నాను. నీ గరాజు గోడకే. పాతది తీసేయకు, పక్కన తగిలించు. ఇందులో మేకకి ఆనుకున్నది నేను, నల్లకళ్లజోడు మీ బావది. బానెట్ మీద పడ్డ నీడ విద్యది.

వెనక రాసింది కూడా విద్యే. అడిగి రాయించలేదు, తనే కలం తీసుకుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేను నేర్పిన తెలుగు అక్షరాలు అంతకంటే పెరగలేదు. 'అమ కారు' అని రాసింది. 'మ'కి వత్తు మరిచిపోయింది.

నేను దిద్దలేదు.

అక్క